చూసినది వేరు, అనుకున్నది వేరు

ప్రతి విద్యకూ దానిదైన కష్టం ఒకటి ఉంటుంది. గణితంలో సూత్రాలు భయపెడతాయి. రసాయన శాస్త్రంలో సమీకరణాలు తికమకపెడతాయి. మనోవిజ్ఞాన శాస్త్రంలోని కష్టం మాత్రం వీటికి పూర్తిగా భిన్నమైనది. పుస్తకం తెరవకముందే అందులోని సంగతులన్నీ తనకు తెలుసునన్న ధీమా విద్యార్థి మనసులో తిష్ఠ వేసి ఉంటుంది. కోపం, భయం, మరపు, అలవాటు, అసూయ... వీటిలో తెలియనిదేముంది? పుట్టింది మొదలు మనుషుల మధ్యనే కదా బతుకుతున్నాం! మూలకాల పట్టికను చూసి ‘ఇది నాకు తెలిసిందే’ అని ఎవరూ అనరు. మనసు గురించి మాత్రం అందరూ అంటారు. ఈ ధీమాయే ఆ సబ్జెక్టులో మార్కులు పోగొట్టే మొదటి శత్రువు.

ఈ మాట నేను పుస్తకాలు తిరగేసి చెబుతున్నది కాదు. రెండేళ్లుగా మా ఇంట్లో ఈ చదువు సాగుతోంది. మా పెద్దమ్మాయి సీబీఎస్ఈ పాఠశాలలో పన్నెండో తరగతి చదువుతోంది. నేను ఆ శాస్త్రం చదివినదాన్ని కాను, విన్నదాన్ని మాత్రమే. ప్రతిరోజూ వంటింట్లో కూర్చుని ఆమె చెప్పిన పాఠాలు విన్నాను. ఈ మార్గంలో నడుస్తున్న ఇతర పిల్లలకూ, వారి తల్లిదండ్రులకూ కొంతైనా ఉపయోగపడుతుందన్న ఆశతో ఆ అనుభవాన్ని ఇక్కడ పంచుకుంటున్నాను.

ఒక షరతు

పదో తరగతి పూర్తికాగానే మా గుంటూరులో ఏ ఇంట చూసినా రెండే మాటలు వినిపిస్తాయి: ఎంపీసీయా, బైపీసీయా? మా అమ్మాయి రెండూ వద్దంది. అదే పాఠశాలలో హ్యుమానిటీస్‌లో చేరి, సైకాలజీ ఒక సబ్జెక్టుగా చదువుతానంది. మా ఆడపడుచు నోరు నొక్కుకుంది. “పిచ్చివాళ్ల గురించి చదివే చదువు ఆడపిల్లకెందుకు వదినా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చదివిందని చెబుతాం?” అని అడిగింది.

మా వారిది చిన్న రెడీమేడ్ బట్టల దుకాణం. ఆయన కూతురి కోరికను కాదనలేదు. కానీ ఇంటి లెక్క ఇంటిది. ఇద్దరు పిల్లల ఫీజులు, అత్తగారి మందులు, దుకాణం అద్దె అన్నీ ఒక్క చేతి సంపాదన మీదే నడవాలి. అందుకని ఒక షరతు పెట్టారు. “ఈ ఏడాది చివర సైకాలజీలో నూటికి ఎనభై మార్కులు తెచ్చుకోమ్మా. రాకపోతే వచ్చే ఏడాది జూనియర్ కాలేజీలో సీఈసీలో చేరాలి” అన్నారు. అలా చేరితే మొదటి సంవత్సరం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. అంటే ఒక ఏడాది పోతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా తల ఊపింది.

జులైలో మొదటి యూనిట్ పరీక్ష జరిగింది. 25 మార్కులకు 11 వచ్చాయి.

అభిప్రాయం సమాధానం కాదు

ఆ పరీక్షలో ఒక ప్రశ్న ఇలా ఉంది: హోంవర్కు చేయని పిల్లవాడి దగ్గర నుంచి తల్లి ఫోను తీసేసుకుంది, ఇది రుణాత్మక పునర్బలనమా, శిక్షా? వివరించండి. మా అమ్మాయి పేజీ నిండా రాసింది. పిల్లలను ప్రేమతో చూడాలని, దండిస్తే మొండికేస్తారని, తల్లిదండ్రులు ఓపిక పట్టాలని రాసింది. ప్రతి వాక్యమూ బాగుంది. ఉపాధ్యాయురాలు మార్జిన్‌లో ఒకే మాట రాశారు: “బాగుంది. అయితే ఇది నీ అభిప్రాయం. సమాధానం ఎక్కడ?”

ఆ మాట ఆమెను బాధించినా, దారి చూపింది కూడా ఆ మాటే. ఆ రాత్రి పాఠం మళ్లీ చదివి, అందులో ఏముందో నాకు చెప్పింది. స్కిన్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త చెప్పిన ప్రకారం, ఒక పని మళ్లీ మళ్లీ జరిగేలా చేసేదేదైనా పునర్బలనమే. ఆ పని తగ్గిపోయేలా చేసేది శిక్ష. రాత్రి దోమలు కుడుతుంటే దోమతెర కట్టుకుంటాం. బాధ తొలగిపోతుంది. కాబట్టి రేపు కూడా కట్టుకుంటాం. ఇక్కడ బాధను తొలగించడం వల్ల ఒక పని పెరిగింది. ఇది రుణాత్మక పునర్బలనం. ఫోను తీసేసుకోవడంలోనూ తొలగించడం ఉంది. కానీ అక్కడ హోంవర్కు ఎగ్గొట్టే అలవాటు తగ్గాలి. అందువల్ల అది శిక్ష. ‘రుణాత్మక’ అన్న మాట చూడగానే ‘చెడ్డది’ అనుకుని పిల్లలు ఇక్కడే తడబడతారట. శాస్త్రంలో ఆ మాటకు మంచి చెడులతో సంబంధం లేదు. ఏదో ఒకటి తీసివేయబడిందని మాత్రమే అర్థం.

పరిశీలిస్తే ఈ శాస్త్రంలో ఇటువంటి వలలు అడుగడుగునా ఉన్నాయి. మనం రోజూ వాడే మాటలనే అది తీసుకుంటుంది, కానీ వాటికి కొలిచి కత్తిరించిన అర్థం ఇస్తుంది. సహసంబంధం మరొక ఉదాహరణ. ఎండాకాలంలో కూల్‌డ్రింకుల అమ్మకాలు పెరుగుతాయి, కరెంటు వాడకమూ పెరుగుతుంది. అంతమాత్రాన కూల్‌డ్రింకులు తాగడం వల్ల కరెంటు ఖర్చవుతోందని ఎవరూ అనరు. రెండింటికీ ఎండే కారణం. ఇంత తేలికైన సంగతిని ‘టీవీ ఎక్కువ చూసే పిల్లలకు మార్కులు తక్కువ వస్తున్నాయి’ అన్న వాక్యం వినగానే మరచిపోతాం. టీవీయే కారణమని వెంటనే తీర్పు చెప్పేస్తాం. రెండు సంగతులు కలిసి నడవడం వేరు, ఒకటి రెండోదానికి కారణం కావడం వేరు. కారణాన్ని నిర్ధారించాలంటే మిగిలిన పరిస్థితులను అదుపులో ఉంచి ప్రయోగం చేయాలి.

1879లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో విల్‌హెల్మ్ వుంట్ మనోవిజ్ఞాన ప్రయోగశాలను నెలకొల్పాడని మొదటి పాఠంలోనే చెబుతారు. మన దేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి ప్రత్యేక విభాగం ఏర్పడింది. పిల్లలు ఆ సంవత్సరాలను ఒక మార్కు ప్రశ్న కోసం బట్టీ పడతారు. నిజానికి ఆ సంవత్సరాల వెనుక ఉన్న సంగతి ముఖ్యమైనది. మనసు గురించి అనుకున్నది చెప్పడంతో సరిపెట్టుకోక, పరీక్షించి చూడాలన్న నిర్ణయం అది.

మా అమ్మాయి ఒక నోటుపుస్తకంలో ప్రతి పేజీని నిలువుగా రెండు భాగాలు చేసింది. ఎడమవైపు ‘లోకం అనుకునేది’, కుడివైపు ‘పరీక్షించి తెలుసుకున్నది’. కుడివైపు ఎవరు పరిశోధించారు, ఎలా పరిశోధించారు అన్న రెండు సంగతులు తప్పక ఉండాలని నియమం పెట్టుకుంది. ఎడమవైపు నింపడం ఆమెకు ఏనాడూ కష్టం కాలేదు. దాదీ మాటలు, మేనత్త మాటలు, పక్కింటివారి మాటలు సరిపోయేవి. కుడివైపు నింపడానికే చదవవలసి వచ్చేది.

హిఫ్జ్ విద్యార్థి నేర్పిన పాఠం

అర్థమైన విషయం పరీక్ష నాటికి గుర్తుండాలి కదా. పాఠాన్ని నాలుగైదు సార్లు చదవడం, ముఖ్యమైన వాక్యాల కింద రంగు గీతలు గీయడం, మా అమ్మాయికి తెలిసిన పద్ధతి అదొక్కటే. ఆగస్టులో మా మరిది కొడుకు నాలుగు రోజుల సెలవుకు మా ఇంటికి వచ్చాడు. పదమూడేళ్ల పిల్లవాడు. మదరసాలో ఖుర్ఆన్ కంఠస్థం చేస్తున్నాడు. అప్పటికి 18 పారాలు పూర్తయ్యాయి.

సెలవులోనూ అతని దినచర్య మారలేదు. ఫజ్ర్ నమాజు తరువాత కొత్త పాఠం, అంటే సబఖ్. ఆ తరువాత ఈ మధ్య నేర్చుకున్న పాఠాల వల్లెవేత, అంటే సబ్ఖీ. సాయంత్రం ఎప్పుడో నేర్చుకున్న పాత పారాలను వంతులవారీగా తిరగవేయడం, అంటే మంజిల్. ప్రతిదీ ముస్‌హఫ్ మూసి, ఎదుట ఒక మనిషిని కూర్చోబెట్టుకుని వినిపించవలసిందే. ఆ నాలుగు రోజులూ ఆ వినే బాధ్యత మా అత్తగారిది. “చూసి చదువుతూ ఉంటే వచ్చేసినట్టే ఉంటుంది ఆపా. మూసి చెప్పినప్పుడే ఎక్కడ రాలేదో తెలుస్తుంది” అన్నాడు వాడు మా అమ్మాయితో, పెద్ద ఉస్తాదులా.

జ్ఞాపకశక్తి పాఠంలో ఉన్నది అదేనని ఆమె ఆశ్చర్యపోయింది. జర్మనీకి చెందిన ఎబింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో తన మీదనే కొలిచి, 1885లో ఆ ఫలితాలను ప్రచురించాడు. మరపు ఒకే వేగంతో సాగదు. నేర్చిన మొదటి గంటల్లోనే అత్యధిక భాగం జారిపోతుంది, ఆ తరువాత మరపు నెమ్మదిస్తుంది. కాబట్టి పరీక్ష ముందు రాత్రి పదిసార్లు చదవడం కంటే, ఆ పది సార్లను పది రోజులకు పంచుకోవడం మేలు.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు కళాశాల విద్యార్థులకు కొన్ని పాఠ్యభాగాలు ఇచ్చారు. ఒక బృందం నాలుగు విడతలు చదివింది. మరో బృందం ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతలు కాగితం చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్లీ మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత పరీక్షిస్తే ఫలితం తారుమారైంది. చదువుతూ ఉన్నవారికి 40 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినవారికి 61 శాతం గుర్తుంది. చదువుతున్నప్పుడు కలిగే ‘వచ్చేసింది’ అన్న నమ్మకం ఎంత మోసకారిదో దీన్నిబట్టి గ్రహించవచ్చు. మదరసాలో ఉస్తాదులు తరతరాలుగా అనుసరిస్తున్న పద్ధతి ఈ కొలతలకు ఎంత దగ్గరగా ఉందో చూడండి.

ఆ వారం నుంచే మా అమ్మాయి తన చదువును మూడు వంతులు చేసుకుంది. ఆ రోజు తరగతిలో చెప్పిన పాఠం సబఖ్. ఆ వారం పాఠాలు సబ్ఖీ. ఆదివారం పాత అధ్యాయాలలో ఒకటి మంజిల్. వినే బాధ్యత నాకు వచ్చింది. నేను గోధుమపిండి కలుపుతూనో, కూరగాయలు తరుగుతూనో ఉంటే, ఆమె పుస్తకం మూసి గూటిలో పెట్టి పాఠం చెప్పేది. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నాకు తెలుగులో చెప్పాలి. ఇందులో ఒక మేలు జరిగింది. ఇంగ్లీషు వాక్యాన్ని అర్థం కాకపోయినా అప్పజెప్పవచ్చు. తెలుగులోకి మార్చాలంటే మాత్రం అర్థమై తీరాలి. నేను ‘అంటే ఏమిటమ్మా?’ అని అడిగిన చోటల్లా ఆమె ఒక క్షణం ఆగేది. ఆగిన చోట పెన్సిలుతో చుక్క పెట్టుకునేది. మర్నాడు ఆ చుక్కల దగ్గరే చదువు మొదలయ్యేది.

హిఫ్జ్‌కూ దీనికీ ఒక భేదం ఉంది. అక్కడ ఒక్క అక్షరమూ మారరాదు. ఇక్కడ మాటలు గుర్తుంటే చాలదు, కొత్త సందర్భానికి వర్తింపజేయాలి. ఈ సబ్జెక్టులో రాత పరీక్షకు 70 మార్కులు, ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు. రాత పరీక్షలో ఒక చిన్న ఉదంతం ఇచ్చి, దాని మీద ప్రశ్నలు అడుగుతారు. అందుకని నేను పాఠం విన్న తరువాత మా వీధిలో జరిగిన ఏదో ఒక సంగతి చెప్పి, ‘ఇది నీ పాఠంలో ఏ కోవకు వస్తుంది?’ అని అడిగేదాన్ని. ఆమె పదం పేరు, దాని నిర్వచనం, ఈ సంగతి ఆ నిర్వచనానికి ఎలా సరిపోతుందో వరుసగా చెప్పాలి. ఈ మూడు మెట్లే తరువాత పరీక్షలో ఆమె సమాధానాలకు రూపమిచ్చాయి.

పేరు పెట్టకు, చూసింది రాయి

ఆ డిసెంబరులో మా అత్తగారిలో మార్పు వచ్చింది. ఎప్పుడూ తస్బీహ్ చేతపట్టుకుని ఇల్లంతా తిరిగే మనిషి మంచం దిగడం మానేశారు. పగలు కూడా నిద్ర. పలకరిస్తే నెమ్మదిగా, బరువుగా మాట. మనవడి పేరు ఒకటికి రెండుసార్లు తడుముకున్నారు. ఇష్టమైన సేమియా పాయసం చేసినా గిన్నె పక్కన పెట్టేశారు. వచ్చినవారు తలా ఒక మాట అన్నారు. ఒకరు వయసు అన్నారు. ఒకరు నజర్ తగిలిందన్నారు. ఇంకొకరు కోడలు సరిగా చూసుకోవడం లేదేమోనని నా ముఖం చూశారు.

మా అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, “అమ్మీ, దాదీకి డిప్రెషన్. లక్షణాలన్నీ సరిపోతున్నాయి” అంది. మర్నాడు ఉపాధ్యాయురాలిని కూడా అడిగింది. ఆవిడ చెప్పిన మాటలు ఆ ఏడాదిలో మా ఇంటికి దక్కిన విలువైన మాటలు. “నువ్వు విద్యార్థినివి, వైద్యురాలివి కాదు. పేరు పెట్టకు. నువ్వు చూసింది రాయి. తేదీ వేసి రాయి. అది తీసుకుని పెద్దవాళ్లు డాక్టరు దగ్గరకు వెళ్లాలి.”

అధ్యయన పద్ధతుల పాఠంలో పరిశీలన అన్న భాగం ఉంది. చూసినదాన్ని చూసినట్టు నమోదు చేయాలి, మన ఊహను దానికి కలపరాదు. ‘దాదీ దిగులుగా ఉంది’ అన్నది ఊహ. ‘దాదీ మధ్యాహ్నం రెండు నుంచి ఐదున్నర దాకా నిద్రపోయింది’ అన్నది పరిశీలన. ఆమె పది రోజులు రాసింది. ఎన్ని గంటల నిద్ర, ఎన్ని రొట్టెలు, ఎన్నిసార్లు మంచం దిగారు, ఏ మాట మరచిపోయారు. ఇంట్లో ఎవరికీ చలి లేనప్పుడు కూడా రెండు దుప్పట్లు అడిగారని రాసింది. తిండి తగ్గినా చేతి గాజులు బిగుతయ్యాయని రాసింది. చర్మం పొడిబారి దురద పెడుతోందన్నారని రాసింది. డిప్రెషన్ అన్న పేరు పెట్టుకుని ఊరుకుని ఉంటే ఈ చివరి మూడూ కాగితం మీదకు వచ్చేవి కావు, ఎందుకంటే ఆ మూడూ ఆ పేరుకు సరిగా అతకవు.

డాక్టరుగారు ఆ కాగితం మొత్తం చదివారు. రక్తపరీక్ష రాశారు. థైరాయిడ్ గ్రంథి చాలా తక్కువగా పనిచేస్తోందని తేలింది. వయసు మళ్లినవారిలో ఈ లోపం మందకొడితనంగా, మరపుగా, దిగులుగా బయటపడి, మనోవ్యాధి అనిపించేలా చేయగలదని వివరించారు. మాత్ర మొదలైంది. కొన్ని వారాలు గడిచాక మా అత్తగారు తెల్లవారుజామున తానే లేచి వజూ చేసుకున్నారు. అల్‌హందులిల్లాహ్, ఇప్పుడు మునుపటిలాగే ఉన్నారు.

ఈ ఉదంతాన్ని మా అమ్మాయి ఘనతగా చెప్పడం లేదు. రోగాన్ని కనిపెట్టింది డాక్టరు, రక్తపరీక్ష. చదువు ఆమెకు నేర్పింది తాను ఎక్కడ ఆగాలో. నా దృష్టిలో ఈ సబ్జెక్టులో రాణించడమంటే అదే. కొత్తగా సైకాలజీ చదివేవారికి ప్రతివారికీ ఒక జబ్బు పేరు తగిలించాలని చేతులు దురద పెడతాయి. కోపిష్ఠి మామకు ఒక పేరు, శుభ్రం ఎక్కువైన పిన్నికి ఒక పేరు. పన్నెండో తరగతిలో మానసిక రుగ్మతల పాఠం వచ్చాక ఆ దురద మరింత పెరుగుతుంది. అది జ్ఞానం కాదు, తెలిసీ తెలియని మాటలతో మనుషులను కొట్టడం. ఈ ఏడాది ప్రాక్టికల్స్‌లో ఒక వ్యక్తి వివరాలు సేకరించి రాయవలసి వచ్చినప్పుడు, ఆమె ముందుగా ఆ వ్యక్తి అనుమతి తీసుకుంది, పేరు రాయలేదు, మాకు కూడా చెప్పలేదు. నేను అడగలేదు.

పిల్లలకూ, పెద్దలకూ

పదకొండో తరగతి చివరి పరీక్షలో రాతలో 70కి 60, ప్రాక్టికల్స్‌లో 30కి 28 వచ్చాయి. మొత్తం 88. మా వారు మార్కుల కాగితం చూసి, మర్నాడే పన్నెండో తరగతి ఫీజు మొదటి వాయిదా కట్టి వచ్చారు. ఆడపడుచు ఇప్పటికీ సంబంధాల ప్రస్తావన తెస్తూనే ఉంది. కానీ తన చిన్న కొడుక్కి చదివింది గుర్తుండటం లేదని మొన్న మా అమ్మాయినే పిలిపించుకుంది.

ఈ శాస్త్రం ఎంచుకున్న పిల్లలకు నేను విన్నవించుకునేది ఇదే. ‘నాకు తెలిసిందే’ అన్న మాట మనసులోకి వచ్చిన ప్రతిసారీ ఆగి, ఎవరు పరీక్షించారు, ఎలా పరీక్షించారు అని అడగండి. చదివిన సమయంలో సగాన్ని పుస్తకం మూసి గుర్తుచేసుకోవడానికి కేటాయించండి. పాత పాఠాలను వంతులవారీగా తిరగవేయండి. సమాధానంలో ముందు పదం, తరువాత నిర్వచనం, ఆ తరువాత ఇచ్చిన సందర్భం రాయండి. మీ అభిప్రాయం అడిగినప్పుడే చెప్పండి.

పెద్దలకు కూడా ఒక మాట. ఇది పిచ్చివాళ్ల చదువు కాదు. నేర్చుకోవడం, గుర్తుంచుకోవడం, పెరగడం, భయపడటం, కలిసి బతకడం ఎలా జరుగుతాయో చెప్పే చదువు. మనసుకు కష్టం కలిగినవారిని గురించి చెప్పే అధ్యాయాలు అందులో కొన్ని మాత్రమే. వాటి అవసరం కూడా మన ఇళ్లకు లేకపోలేదు. ఇంట్లో ఎవరైనా అటువంటి బాధలో ఉంటే దాచిపెట్టక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవలో మన భాషలోనే మాట్లాడవచ్చు.

ఇక పిల్లల చదువులో మనమేం చేయగలం, మనకా సబ్జెక్టు రాదే అని వెనుకాడకండి. పాఠం వినడానికి ఆ పాఠం మనకు తెలిసి ఉండనక్కర్లేదు. రోజుకు అరగంట తీరిక చేసుకుని, అర్థం కాని చోట ‘అంటే ఏమిటి?’ అని అడిగితే చాలు. మిగిలింది వాళ్లే చేసుకుంటారు.